రాటకు తగిలిన గడ్డి మిషిన్

జనార్ధన్ సార్ స్కూటర్ తోట గేటు దాటి మేడ్చల్ వైపు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ప్రిస్కిల్లా కదల్లేదు, కొంగు నడుముకు చుట్టి దోపుకుని షెడ్డు ముందు నిలబడే ఉంది, ఆ తర్వాత లెక్క మొదలైంది: పోవడానికి ఇరవై నిమిషాలు, మెకానిక్ ఓదెలును చాయ్ హోటల్ బల్ల మీద నుంచి లేపడానికి పది, రావడానికి ఇరవై, మొత్తం యాభై, దారిలో రైలు గేటు పడితే గంట, ప్రభువా ఈ ఒక్కరోజు గేటు పడనీ, గూడ్సు బండి రానీ, అదీ డబ్బాలు లెక్కపెట్టలేనంత పొడుగుది రానీ, ఇలాంటి ప్రార్థన చెయ్యొచ్చో లేదో ఆదివారం పాస్టరుగారిని అడుగుదాం కానీ ఇప్పుడైతే రానీ. పోతూ పోతూ సార్ అన్న మాటలు ఇంకా చెవిలోనే తిరుగుతున్నాయి. "మిషిన్‌కు చెయ్యి తాకియ్యకు. ఓదెలొచ్చి జూస్తడు. నువ్వు వోయి జంగమ్మతోని గరిక వీకు." మొదటి రెండు ముక్కలకు ఆమెకు కోపం లేదు, ఏ మేనేజరైనా అనే మాటలే. మూడోదే మండించింది. గరిక పీకడమట. శామీర్‌పేట రోడ్డు మీది ఈ పెళ్ళిళ్ళ తోటలో ఆరేళ్ళు గొంతుకూర్చుని గరిక పీకింది ఆమె, మోకాళ్ళు పట్టేసి రాత్రి పక్క మీద కాళ్ళు చాపుకోవడానికి కూడా ఎవరో ఒకరు సాయం రావాల్సినంత పీకింది, ఆరేళ్ళలో తోటకు వచ్చిన పెళ్ళివాళ్ళెవరి ముఖమూ ఆమె సరిగ్గా చూడలేదు, చెప్పులే చూసింది, పట్టుచీరల అంచులే చూసింది. తర్వాత గడ్డి కోసే మిషిన్ నడిపే బాలేష్‌కు కామెర్లు వచ్చి ఊరికి పోవడం, సార్‌కు వేరే మనిషి దొరక్కపోవడం, నేను నడుపుత సార్ అని ఆమె నోట్లోంచి మాట ఎట్లా వచ్చిందో తనకే తెలియకుండా రావడం, ఆయన నవ్వి సరేననడం. పంతొమ్మిది రోజులు. పంతొమ్మిది రోజులుగా ఆమె నిలబడి పని చేస్తోంది. సోమవారం బాలేష్ వస్తున్నాడు. ఈ వారం ఆపకుండా నడిపితే మిషిన్ నీకే, చూద్దాం, అన్నాడు సార్, ఆయన నోటి నుంచి చూద్దాం అని రావడమంటే సగం అవుననడమే, ఇవాళ శనివారం, సాయంత్రం రిసెప్షన్, పచ్చిక సగం కోసి సగం మిగిలి ఉంది, మిషిన్ చచ్చి షెడ్డు ముందు పడి ఉంది.

చచ్చిందని ఎవరన్నారు? సార్ అన్నాడు. సార్‌కేం తెలుసు, ఆయనకు స్కూటర్ కిక్కు కొట్టడం తెలుసు, అదీ ఎవరైనా తోస్తే. ప్రిస్కిల్లా ఇంకోసారి గేటు వైపు చూసి షెడ్డులో దూరి పానాల డబ్బా ఈడ్చుకొచ్చింది, పానాలు, మరలు తిప్పే పేచ్‌కస్, సుత్తె, ఆకురాయి అన్నీ తుప్పు వాసనతో గలగలమన్నాయి, ఆ చప్పుడుకే గుండె ఎగిరింది, భయంతోనా సంతోషంతోనా ఆమెకు తెలియలేదు, రెండూ అయి ఉంటాయి. మొట్టమొదట ప్లగ్గు మీది వైరు పీకి పక్కకు మడిచి పెట్టింది. ఎలీషా అయితే ఇదే చేసేవాడు. ఎలీషా ఆమె మొగుడు, పెళ్ళిళ్ళకూ చర్చి కూటాలకూ జనరేటర్లు నడిపే మనిషి, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో పదేళ్ళకూ తెలుసుకోలేదు గానీ ఇంజను ముందు కూర్చున్నాడంటే ముందు వైరు పీకనిదే వేలు పెట్టడు. "ఆగిన ఇంజన్ను నమ్మొద్దే, అది పన్నదనుకుంటవ్, ఏలు గుంజుకుంటది," అనేవాడు. ఇవాళ గాజులరామారంలో ఎవరి పెళ్ళికో జనరేటరు వేసుకుని పోయాడు, లేకపోతే ఆఫీసు ఫోను నుంచి అడిగేది, ఆఫీసుకు తాళం, తాళంచెవి సార్ జేబులో, సార్ స్కూటర్ మీద, సరేలే, అడిగినా ఆయన ఏమంటాడో ఆమెకు తెలుసు, మూడు ప్రశ్నలు వేస్తాడు, నిప్పుందా, పెట్రోలుందా, గాలి పీలుస్తుందా, మూడూ ఉండి కూడా మొండికేసిందంటే అప్పుడు నన్ను పిలువు అంటాడు.

ముప్పావు గంట కింద అంతా బాగానే ఉంది కదా. రాత్రి వాన పడి వెలిసింది, గడ్డి తేమగా, ఎండ పల్చగా, మిషిన్ ముందుకు పోతుంటే కోసిన గడ్డి వాసన ముక్కు నిండా, ఆమె లోపల్లోపల ఒక కీర్తన పాడుకుంటూ తూర్పు మూల దాకా వచ్చింది, మండపం వేసే చోటుకు, అక్కడ మలిపింది, ఠక్! ఆ చప్పుడు చేతుల్లోంచి మోచేతుల దాకా, అక్కణ్ణించి పళ్ళలోకి పాకింది. మిషిన్ ఒక్కసారిగా ఆగిపోయింది. వంగి గడ్డి పక్కకు దువ్వి చూస్తే జానెడు లోపు కర్ర మోడు, మణికట్టంత లావు, పైన బ్లేడు కొరికిన చోట తెల్లగా, కింద ఇంకా పసుపు రాసిన మరక, తడికి ఉబ్బిన దారప్పోగు. రాయి అయితే ఎవరినైనా తిట్టొచ్చు, టెంటు వాళ్ళ ఇనుప మేకు అయితే వాళ్ళ ఏడు తరాలనూ తిట్టొచ్చు. ఇది పందిరి రాట. అది అక్కడుందంటే ఆమె ఉంచబట్టే.

దేవరయాంజాల్ ఐలమ్మ మనవరాలి పెళ్ళి అయి పన్నెండు రోజులు. తెల్లారి టెంటు వాళ్ళు అన్నీ విప్పుతుంటే ఆ ముసలమ్మ ఒక్కతే వెనక్కి వచ్చింది, బస్సు దిగి నడిచి, రాట దగ్గర కూర్చుని ఎవరినీ తాకనివ్వలేదు. "బిడ్డా, పదహార్రోజుల పండుగ దాక గీ గుంజను వీకొద్దు. మా పెద్దపిల్ల పెండ్లప్పుడు తెల్లారే వీకి పారేసిండ్రు, దాని బత్కు ఎట్లయిందో నీకేం జెప్పాలె." ఎట్లయిందో ప్రిస్కిల్లా అడగలేదు. ఆమె ఇంట్లో రాట పాతడం లేదు, పెళ్ళంటే చర్చి, ఉంగరాలు, పాస్టరుగారు, కోడి బిర్యానీ, ఇలాంటి గుంజలకు పసుపు రాసి నవధాన్యాలు పోసి మొక్కే ఇళ్ళు వేరు, కానీ ముసలమ్మ అట్లా గుంజను పట్టుకుని కూర్చుంటే అవన్నీ ఎవరికి గుర్తుంటాయి. మూడోరోజు ఇంకో పెళ్ళి ఉంది, గుంజ నిలబడి ఉంటే సార్ ఊరుకోడు, అందుకని ఆమే రంపం తెచ్చి భూమికి జానెడు ఉంచి కోసేసింది, "వీకలేదవ్వా, పాతిన కాడ అట్లనే ఉన్నది, పదహారు దినాలు ఎవ్వరు ముట్టరు," అని మాటిచ్చింది. ముసలమ్మ తల మీద చెయ్యి పెట్టి పోయింది. ఆ తర్వాత వానలు, మూడు పెళ్ళిళ్ళు, ఆ మూలకు మిషిన్ పోక గడ్డి జానెడు దాటి లేవడం, మనిషి మరిచిపోదా? మరిచిపోకూడదు, మిషిన్ నడిపే మనిషి మరిచిపోకూడదు. మిషిన్ తిప్పే ముందు పచ్చికంతా కాళ్ళతో తొక్కుతూ వెతకాలి, అలాగే వెతికింది కూడా, మండపం మూల ఒక్కటే వదిలేసింది, మండపం వేసే చోటే కదా, ఏమీ ఉండదు అనుకుని.

"గదేంది పిల్లా, సార్ వద్దన్నడు గద!" జంగమ్మ కొడవలి భుజాన వేసుకుని వచ్చి నిలబడింది, ఆరేళ్ళు పక్కపక్కన గరిక పీకిన మనిషి, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. "పట్టు జంగమ్మక్కా, గీ పక్కకు వంచాలె, పెట్రోలు కారకుంట." ఇద్దరూ మిషిన్‌ను ఓరగా వంచారు. బ్లేడు అంచు ఒకచోట పొర లేచింది గానీ వంగలేదు. ఇప్పుడు అసలు సంగతి, బ్లేడును పట్టుకుని నిలబెట్టే కడ్డీ ఇంజను పొట్టలోంచి వస్తుంది, అది వంకర పోయిందా ఇక మిషిన్ లేదు, ఓదెలూ లేడు, ఎలీషా లేడు, ఎవరూ ఏమీ చెయ్యలేరు. ప్లగ్గు విప్పి తీసింది. వేపపుల్ల ఒకటి విరిచి మిషిన్ అంచుకు ఆనించి బ్లేడు కొసకు తాకీ తాకనట్టు పట్టుకుని, గోనెగుడ్డ చుట్టిన చేత్తో బ్లేడు మెల్లగా తిప్పింది, ఈ కొస వచ్చింది, పుల్లను తాకింది, ఆ కొస వస్తోంది, వస్తోంది, జంగమ్మ ఎందుకో తెలియకుండానే ఊపిరి బిగబట్టింది, వచ్చింది, అంతే దూరంలో, అదే చోట, పుల్లను అట్లాగే తాకింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే. "సక్కగున్నది!" అని అరిచేసింది ప్రిస్కిల్లా, "అక్కా, కడ్డి సక్కగున్నది!" జంగమ్మ ఏమీ అర్థం కాకపోయినా నవ్వింది, సంతోషం అంటుకునే రకం ఆమెది.

మిషిన్ నిలబెట్టి మూడు ప్రశ్నలు మొదలుపెట్టింది. వైరుకు ప్లగ్గు తగిలించి ఇనుముకు ఆనించి తాడు గుంజితే నీలంగా చిటుక్కుమంది, నిప్పుంది. ప్లగ్గు కొస తడిగా ఉంది, పెట్రోలుంది. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి గుంజమంటే జంగమ్మ గుంజింది, గాలి వేలిని బలంగా తోసేసింది, ఊపిరి ఉంది. అన్నీ ఉన్నాయి. అన్నీ ఉండి ఇందాక ఎందుకు అందుకోలేదు? ప్లగ్గు బిగించి, వైరు పెట్టి, కాలు ఆనించి గట్టిగా గుంజింది, తాడు సగం వచ్చి ఫటుక్కున వెనక్కి లాక్కుంది, చెయ్యి భుజం దాకా జిల్లుమంది, కార్బొరేటర్ లోంచి ఒక దగ్గు, అంతే. ఇందాక సార్ గుంజితే ఆయన చేతినీ ఇట్లాగే లాక్కుంది, ఆయన వేళ్ళు ఊదుకుంటూ ఇంజను పోయింది అన్నాడు, పోలేదు సార్, పోతే ఇంత బలంగా కొట్టదు, ఇది ఎక్కడో చూశాను, ఈ కొట్టడం నాకు తెలుసు, ఈ చెయ్యికి తెలుసు, ఎక్కడ, ఎక్కడ.

కౌకూర్. కౌకూర్ కూటాలు, పెళ్ళైన రెండో ఏడు, అప్పుడు జనరేటరు వాళ్ళ సొంతం, ఎలీషా దాన్ని రోజూ తుడిచేవాడు, ఆమెను అంత ప్రేమగా చూసేవాడా అంటే చూసేవాడే, కానీ రోజూ కాదు. మూడోరోజు సాయంత్రం మూడువందల మంది చాపల మీద కూర్చున్నారు, మైకు ఆగింది, దీపాలు ఆరాయి, ఎలీషా తాడు గుంజితే వెనక్కి లాక్కుని బొటనవేలి కీలు తప్పించింది. పాస్టరుగారు చీకట్లోనే పాట ఎత్తుకున్నారు, ఆ పాటంతా పాడేలోపు ఎలీషా ఎడమ చేత్తో పైమూత విప్పించాడు, ఆమెతోనే, ఆమె వేళ్ళతోనే, టార్చి నోట్లో కరిచిపెట్టుకుని. "తాడు ఎనక్కి గుంజిందంటే నీ మీద కోపం గాదే, టైమింగు దప్పింది. పై చక్రం కిందున్న కీ ముక్క జూడు." అగ్గిపుల్ల తలకాయంత మందం, వేలి గోరంత పొడుగు ఒక ముక్క. పై చక్రాన్నీ కడ్డీనీ ఒకే వరసలో పట్టి ఉంచేది అదే. ఏదైనా తగిలి కడ్డీ ఠక్కున ఆగితే, తిరిగే చక్రం ఆగలేక ముందుకు పోతుంది, మధ్యలో ముక్క తెగుతుంది. చక్రం కాస్త జరిగితే చాలు, నిప్పు వేళ తప్పి పడుతుంది. ఠక్కున ఆగితే! ఠక్! "జంగమ్మక్కా!" అంది ప్రిస్కిల్లా, కళ్ళలో నీళ్ళు వచ్చేంత సంతోషంగా, "దొరికింది, నాకు దొరికింది, ఇంక జూడనే లేదు గాని దొరికింది!" "ఏం దొరికిందే?" "రోగం!"

ఇక చేతులు ఆమె మాట వినలేదు, వాటంతటవే పోయాయి. పైమూత నాలుగు బోల్టులు, ఒకటి మొండికేసింది, పానా మీద కాలేసి తొక్కితే కిర్రుమని లొంగింది. తాడు చుట్ట ఎత్తి పక్కన పెడితే చక్రం, మధ్యలో నట్టు. నట్టు పూర్తిగా తియ్యకుండా కడ్డీ కొసతో సమానంగా వదులు చేసి, జంగమ్మ పేచ్‌కస్ తో చక్రాన్ని కింద నుంచి ఎత్తిపట్టగా, నట్టు మీద చెక్క ముక్క పెట్టి సుత్తెతో ఒక్కటి, రాలేదు, రెండు, రాలేదు, రోడ్డు మీద స్కూటర్ చప్పుడు, ఇద్దరూ బిగుసుకుపోయారు, పాలవాడు, పోయాడు, మూడు, టప్పున చక్రం పైకి లేచింది. ఎత్తి చూసింది. కడ్డీ గాడి ఒకచోట, చక్రం గాడి వేలెడు కాదు, వడ్లగింజెడు పక్కన, మధ్యలో తెల్లటి ముక్క మెట్టులా విరిగి రెండు తలలతో. ప్రిస్కిల్లా దాన్ని అరచేతిలో వేసుకుని చిన్నపిల్లలా ఎగిరింది. నేను చెప్పలేదా! ఎవరికి చెప్పావే, నాకు నేను చెప్పుకున్నాను!

కొత్త ముక్క ఎక్కణ్ణించి తేవాలి? సికింద్రాబాద్ పోవాలి, ఇవాళ కాదు. జంగమ్మ డబ్బా అడుగున వెతికి ఒక మేకు తీసింది, "గిది గీసి పెట్టరాదె, ఉక్కు, మల్ల జన్మల ఇరగది." ప్రిస్కిల్లా చెయ్యి చాచి ఆగిపోయింది. ఎలీషా కూడా ఆ రాత్రి కౌకూర్‌లో అదే అన్నాడు. మేకు గీశాడు, పెట్టాడు, దీపాలు వెలిగాయి, మూడువందల మంది స్తోత్రం అన్నారు, ఎలీషా ఛాతీ ఉబ్బింది, మళ్ళీ జన్మలో విరగదు చూడు అని నెల రోజులు చెప్పుకుని తిరిగాడు. నిజమే, మేకు విరగలేదు. ఒకరోజు ఇంజను లోపల ఏదో పట్టేసి ఠక్కున ఆగితే మేకు విరగలేదు, కడ్డీ విరిగింది. సొంత జనరేటరు పాత సామాన్లోకి పోయింది, ఎలీషా ఇప్పుడు వేరేవాళ్ళ జనరేటర్ల తాళ్ళు గుంజుతున్నాడు. ఆ రోజు మూల కూర్చుని ఒక్క మాటే అన్నాడు, గట్టిది పెట్టి తప్పు జేసిన ప్రిస్కిల్లా అని. ఆయన తప్పు ఒప్పుకోవడం పదేళ్ళలో అదొక్కసారే. మెత్తగా ఉండాలి ఆ ముక్క, విరగడానికే పెట్టారు దాన్ని. మెత్తటిది ఏముంది, మెత్తటిది. ఆమె తన అన్నం డబ్బా వైపు చూసింది, సత్తు డబ్బా, తల్లి సుందరమ్మ కాపురానికి పంపుతూ ఇచ్చింది, పక్కన మందంగా చెవి, పట్టుకోవడానికి. అయ్యో అనిపించింది, నిజంగానే అనిపించింది, తర్వాత రంపం బ్లేడు తీసి చెవి కోసింది. ఆకురాయి మీద గీసింది, పెట్టి చూసింది, బిగువు, మళ్ళీ గీసింది, వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి, సత్తు పొడి చీర మీద మెరిసింది, మళ్ళీ పెట్టింది, రెండు గాడుల్లోనూ సరిగ్గా, జారకుండా, ఊగకుండా కూర్చుంది. నట్టును ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించింది.

"నేను వోయి గా మోడు వీకి పారేస్త," అంది జంగమ్మ గొంతు తగ్గించి, "సార్ జూస్తే నీ పనే అని తెల్వదు, రాయి దగిలిందని జెప్పు." మంచి ఉపాయం. నిమిషం పని. ప్రిస్కిల్లా మూత బోల్టులు బిగిస్తూ ఆలోచించింది, ఆలోచించడానికి కూడా ఇష్టం లేనంత ఉత్సాహంగా ఉంది గానీ ఆలోచించింది, పదహారుకు ఇంకా నాలుగు రోజులున్నాయి, ముసలమ్మ చెయ్యి తల మీద ఎంత తేలిగ్గా ఉండిందో గుర్తొచ్చింది. "వద్దక్కా. మాటిచ్చిన." "మిషిన్ వోతది మల్ల." "పోతే పోనీ," అంది, అని భయపడింది, పోనీ అనేంత చిన్నది కాదు అది. అప్పుడే గేటు దగ్గర స్కూటర్ ఆగింది.

జనార్ధన్ సార్ ముఖం దూరం నుంచే ఎర్రగా ఉంది. "ఏంది ప్రిస్కిల్లా, జెప్తె సమజ్ కాదా నీకు?" వెనక సీటు మీది నుంచి ఓదెలు దిగాడు, నెరిసిన మీసాల మనిషి, వచ్చి నేల మీద పడి ఉన్న పాత కీ ముక్కను ఏరి వెలుతురులో పట్టి చూశాడు. ప్రిస్కిల్లా ఆ సందులోనే తాడు గుంజింది. రాలేదు, కానీ తాడు మొత్తం మెత్తగా వచ్చి మెత్తగా పోయింది, వెనక్కి కొట్టలేదు, కొట్టలేదు! ఆమె సార్ తిట్లేవీ వినలేదు. మళ్ళీ గుంజింది, మిషిన్ ఒకసారి దగ్గి, బర్రుమని అందుకుంది, నేల అదిరింది, జంగమ్మ కొడవలి ఎత్తి కేక పెట్టింది. కాసేపు నడిపి ఆపింది.

"కొత్త కీ ఏం వెట్టినవ్ చెల్లె?" అన్నాడు ఓదెలు. "సత్తు, అన్నా. నా డబ్బా చెవి." ఆయన మీసం కింద నవ్వాడు. "నేనైతే మేకు వెట్టేటోణ్ణి, జల్దీ అయితదని. గిదే మంచిది సార్. ఇగ నేనెందుకు వచ్చిన్నో!" సార్ ఓదెలు వైపూ మిషిన్ వైపూ చూశాడు. "దేనికి దగిలింది అసలు?" జంగమ్మ కళ్ళు పెద్దవి చేసి సైగ చేస్తోంది. "రాట గుంజకు సార్. నేనే కోసి ఉంచిన, దేవరయాంజాల్ అవ్వకు మాటిచ్చిన, పదహార్రోజులు వీకనని. తొక్కి జూడకుంట మిషిన్ దిప్పిన, తప్పు నాదే. ఇంక నాలుగు దినాలు అది ఆడనే ఉంటది, సుట్టూ ఇడిసిపెట్టి కోస్త." ఆయన స్కూటర్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, మేనేజరు గొంతుతో, "సోమవారం బాలేష్ వస్తడు. మగమనిషి, మిషిన్ ఆనికి అల్వాటు. నువ్వు ఆనికి గీ కీ సంగతి జర నేర్పు," అన్నాడు.

కోపం రావాల్సింది. రాలేదు, ఒంట్లో ఇంకా ఆ ఇంజను బర్రుమనే చప్పుడే ఉంది, చేతులు పెట్రోలు వాసనతో గర్వంగా ఉన్నాయి, సగం పచ్చిక కోయకుండా ముందే ఉంది, సాయంత్రానికి పెళ్ళివాళ్ళు వస్తారు, వాళ్ళ ముఖాలు ఆమె చూడబోతోంది. "నేర్పుత సార్, తప్పకుండ నేర్పుత," అంది. "సోమవారం నా పక్కపొంటి నడవమనుండ్రి, జూసి నేర్చుకుంటడు. నడిపేది నేనే." సార్ ఏదో అనబోయాడు. ప్రిస్కిల్లా తాడు గుంజింది, మొదటి గుంజుకే అందుకుంది. పిడి రెండు చేతులా పట్టుకుని, ఇంజను చప్పుడు మీదుగా వినబడేట్టు గట్టిగా, ఆరేళ్ళలో ఎప్పుడూ ఆయనతో మాట్లాడనంత గట్టిగా, "జర పక్కకు జరుగుండ్రి సార్, గడ్డి ఎగిరి మీద వడ్తది," అంది.

జనార్ధన్ సార్ పక్కకు జరిగాడు.